రాగిరేకులూ రైడ్ డిస్కులూ

ల్యాప్‌టాప్‌లో చోటు అయిపోయిన ప్రతివాడికీ ఏదో ఒకరోజు ఈ ఆలోచన వస్తుంది. ఫొటోలు, వీడియోలు, పాటలు అన్నీ ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించిన ఒక డబ్బాలో పడేసుకుంటే హాయి కదా అని. దాన్నే మనవాళ్ళు నాస్ అంటారు. ఇక చర్చ మొదలు. రెండు డిస్కులదా, నాలుగు డిస్కులదా? రైడ్ 1 చాలా, రైడ్ 5 కావాలా? మాది పూతలపట్టు. బెంగళూరికీ చెన్నైకీ వెళ్ళి కంప్యూటర్ల మీద బతికేవాళ్ళు మా వైపు బోలెడుమంది. పండక్కి ఊరొస్తే అరుగు మీద కూడా ఇదే గోల.

నన్నడిగితే, డబ్బా కొనే ముందు చంద్రగిరి మీదుగా తిరుపతి దాకా వెళ్ళి, కొండెక్కి తెలుసుకోవాల్సిన చరిత్ర ఒకటుంది. తెలుగు పాటల పాత భాండాగారాల్లో చాలా పెద్దది అక్కడే ఉండేది.

తాళ్ళపాక అన్నమయ్య (1408–1503) ముప్పైరెండు వేల సంకీర్తనలు చెప్పాడని సంప్రదాయం. తాటాకుకు పురుగు, తేమ, నిప్పు, అన్నీ శత్రువులే. అందుకని 16వ శతాబ్దంలో ఆయన కొడుకు పెద తిరుమలాచార్యుడి ఆధ్వర్యంలో పాటల్ని రాగిరేకుల మీద చెక్కించారు. తిరుమల గుళ్ళోనే ఒక చిన్న రాతి గదిలో దాచారు. దాని పేరు సంకీర్తన భాండారం.

ఇంజనీరు కళ్ళతో చూస్తే ముచ్చటేస్తుంది. రేకుకు సాధారణంగా ఆరు పాటలు. ప్రతి పాటకీ పైన రాగం పేరు. మొత్తాన్నీ అధ్యాత్మం, శృంగారం అని రెండు విభాగాలు చేశారు. అంటే గట్టి మీడియా, ఒకే ఫార్మాట్, మెటాడేటా, ఫోల్డర్లు, తాళం వేసిన సర్వర్ రూము, అన్నీ ఉన్నాయన్నమాట!

మరి తర్వాత ఏమైంది?

రాగి తన పని తాను చేసింది. మనుషులే చెయ్యలేదు. విజయనగరం పోయింది, గుడి ఆజమాయిషీ చేతులు మారింది, ఆ గది సంగతి పట్టించుకునేవాళ్ళు తగ్గిపోయారు. "మూడొందల ఏళ్ళు ఎవరికీ తెలీదు" అని చెప్పుకుంటాం గానీ అది పూర్తి నిజం కాదు. 1816లో అచ్చయిన తన తెలుగు వ్యాకరణంలో కాంప్‌బెల్ అనే ఇంగ్లీషు అధికారి ఈ రేకుల ప్రస్తావన తెచ్చాడు. అక్కడ రాగిరేకుల మీద చెక్కిన పద్యాలు ఉన్నాయని విని, వాటిని చూసి రమ్మని ఒక మనిషిని పంపాడు. చూస్తే నకలు తీయించుకున్న ఒక వ్యాకరణ గ్రంథం తప్ప మిగతావన్నీ దేవుడి మీద పాటలే. వాటిని వదిలేశాడు. డేటా చెక్కుచెదరలేదు, చదివిన మనిషీ ఉన్నాడు, అయినా పాటలు బయటికి రాలేదు.

1920లలో దేవస్థానం తరఫున శాసనాలు పరిశోధించిన సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి ఆ రేకుల్ని వెలుగులోకి తెచ్చారు. 1930ల నుంచి అవి సంపుటాలుగా అచ్చవుతూ వచ్చాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ లాంటి పండితులు కూర్చుని పాఠాలు పరిష్కరించారు. కాంప్‌బెల్ చూశాక అచ్చుకి ఎక్కడానికి వందేళ్ళు దాటింది. రేకులు రెండు వేలకు పైగా ఉన్నాయి, దొరికిన పాటలు సుమారు పధ్నాలుగు వేలు. సంప్రదాయం చెప్పే లెక్క నిజమైతే సగానికి పైగా పోయినట్టే.

కానీ నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆ సగం కాదు, దొరికిన సగం. పాట రేకు మీద రాగం పేరు ఉంది, స్వరం లేదు. చెక్కించినవాళ్ళకి ఆ అవసరం కనిపించి ఉండదు. బాణీ పాడేవాళ్ళ నోట్లో ఉంది కదా! పాడేవాళ్ళ వరస తెగిపోయాక రాగం పేరు ఒక లేబుల్‌గా మిగిలింది. ఈరోజు మనం వినే అన్నమయ్య పాటల్లో దాదాపు అన్నీ రాళ్ళపల్లి, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ లాంటివాళ్ళు 20వ శతాబ్దంలో కట్టిన బాణీలే. అవి అద్భుతంగా ఉన్నాయి, కాదనను. కానీ అన్నమయ్య ఎలా పాడాడో మనకి తెలీదు. ఫైలు ఉంది, కోడెక్ పోయింది.

ఇప్పుడు డబ్బా సంగతికొద్దాం. నెట్‌వర్క్ మీద ఫైళ్ళు పంచుకునే ఎన్‌ఎఫ్‌ఎస్‌ని సన్ కంపెనీ 1984లో తెచ్చింది. 1988లో బర్క్‌లీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రైడ్ పేపరు రాశారు. ఖరీదైన పెద్ద డిస్కు బదులు చవక డిస్కులు కొన్ని కలిపి వాడొచ్చు, ఒకటి చెడినా బండి ఆగకుండా చూడొచ్చు అన్నది దాని సారాంశం. 1992లో ట్రిడ్జెల్ మొదలుపెట్టిన సాంబాతో విండోస్ ల్యాప్‌టాప్ లినక్స్ పెట్టెతో మాట్లాడగలిగింది. ఇవన్నీ కలిసే మన ఇంటికొచ్చాయి.

రైడ్ కాపాడేది డిస్కు చెడినప్పుడే. పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోనూ నిక్షేపంగా డిలీట్ అవుతుంది. 2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ వారి మై బుక్ లైవ్ డబ్బాల్లో ఇంటర్నెట్‌కి తెరిచి ఉన్నవి ఎన్నో ఒక్కసారిగా ఖాళీ అయిపోయాయి. 2015 తర్వాత వాటికి అప్‌డేట్లు లేవు. ఆ డిస్కులకి ఏమీ కాలేదు, వాటి బాగోగులు చూసే నాథుడే లేడు.

కాబట్టి నా సలహా ఇది. నాలుగు ఎంబీల ఫొటోలు రెండున్నర లక్షలు పెడితే గానీ ఒక టెరాబైట్ నిండదు. మామూలు ఇంటికి రెండు డిస్కుల డబ్బా, రైడ్ 1, చాలు. వైఫై కాకుండా గిగాబిట్ వైరు లాగండి, టెరాబైట్ రెండున్నర గంటల్లో ఎక్కుతుంది. చిన్న యూపీఎస్ తగిలించండి. డబ్బాని నేరుగా ఇంటర్నెట్‌కి తెరవొద్దు. నాలుగు డిస్కులకి పెట్టే డబ్బుతో విడిగా ఒక యూఎస్‌బీ డిస్కు కొని, మొత్తం కాపీ చేసి ఊళ్ళో అమ్మానాయనల ఇంట్లో పెట్టండి. సంక్రాంతికి వెళ్ళినప్పుడల్లా తాజా చెయ్యండి. ఊరికే కాపీ చేసి రావడం కాదు, నాలుగు ఫైళ్ళు తెరిచి చూడండి.

అన్నిటికన్నా ముఖ్యం, స్వరం రాసిపెట్టండి. అంటే, ఆ ఫొటోలో ఉన్నది ఎవరు, ఏ ఊరు, ఏ పెళ్ళి అన్నది. మా నాయనకి పాత ఆల్బమ్‌లో ప్రతి మొహమూ తెలుసు, నాకు సగం తెలుసు, మా పిల్లలకి ఎవరూ తెలీదు. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని పేర్లు టైపు చెయ్యడానికి ఏ డబ్బా అక్కర్లేదు. డిస్కు వచ్చే ఏడాదైనా కొనొచ్చు, ఈ పనికి మాత్రం గడువుంది. మీరేమంటారు?