రెండు ధరల మధ్య: అరుదైన నాణేల వర్తకం నడిచిన దారి

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అనే సామెత నాణేల బజారుకు సరిపోయినట్టు మరే బజారుకూ సరిపోదు. ఒకే దుకాణంలో, ఒకే రోజున, ఒకే నాణేనికి రెండు ధరలుంటాయి. అమ్మవచ్చినవాడికి చెప్పేది ఒకటి, కొనవచ్చినవాడికి చెప్పేది మరొకటి. ఆ రెండింటి మధ్య ఉన్న తేడాతోనే వర్తకుడు బతకాలి. ఇందులో తప్పేమీ లేదు, బియ్యం కొట్టువాడైనా అలాగే బతుకుతాడు. కాకపోతే బియ్యం ధర ఊరందరికీ తెలుసు. అరుదైన నాణెం ధర కొందరికే తెలుసు. ఆ తెలియడం, తెలియకపోవడం మీదే ఈ వ్యాపారం నూట అరవై ఏళ్లకు పైగా నడిచింది. ఆ నడక అమెరికాలో బాగా కనిపిస్తుంది. అక్కడ ధరలు అచ్చయ్యాయి, వేలం కేటలాగులు భద్రంగా మిగిలాయి.

అక్కడి జనానికి నాణేల సేకరణ మీద మోజు పుట్టింది 1857లో. అరచేతిలో బరువుగా తగిలే పెద్ద రాగి సెంటును ప్రభుత్వం ఆ ఏడాది ఆపేసి చిన్న సెంటును తెచ్చింది. చిన్ననాటి నుంచి వాడిన నాణెం కనుమరుగవుతోందనగానే, ఏ సంవత్సరపు సెంటు తమ దగ్గరుందో, ఏది లేదో జనం వెతుక్కోవడం మొదలుపెట్టారు. మరుసటి ఏడాదే ఫిలడెల్ఫియాలో ఎడ్వర్డ్ కోగన్ అనే వ్యాపారి పెద్ద సెంట్లను వరుసగా పేర్చి, ఉత్తరాల మీద పాట తీసుకుని అమ్మాడు. న్యూయార్క్‌లో అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ పుట్టిందీ 1858లోనే. అప్పటికి ధరల పుస్తకమంటూ లేదు. కిందటి వేలంలో ఏది ఎంతకు పోయిందో కేటలాగు అంచున రాసి దాచుకున్నవాడే పండితుడు, అతనే వర్తకుడు.

సరుకు సంగతి ఇంకా విచిత్రం. 1804 అని తేదీ ఉన్న వెండి డాలరు ప్రపంచంలో 15 మాత్రమే తెలుసు. వాటిలో ఒక్కటీ 1804లో ముద్రించినది కాదు. మస్కట్ సుల్తానుకు, సయాం రాజుకు కానుకలుగా పంపే పెట్టెల కోసం 1834, 1835ల్లో మొదటి విడత కొట్టారు. సేకర్తలు దానికోసం ఎగబడుతున్నారని తెలిశాక, 1858 తర్వాత టంకశాల సిబ్బంది గుట్టుగా మరికొన్ని కొట్టి బయటికి పంపారు. కొరతను కూడా తయారుచేసి అమ్మవచ్చని ఈ వ్యాపారం పుట్టుకలోనే తేలిపోయింది. అయినా దాని ధర తగ్గలేదు. మస్కట్ సుల్తానుకు వెళ్లిన డాలరు 1999లో 41 లక్షల 40 వేల డాలర్లకు పోయింది.

ధర అనే రహస్యాన్ని మొదటిసారి ఇంటింటికీ చేర్చినవాడు టెక్సాస్‌లోని ఫోర్ట్ వర్త్ వర్తకుడు మ్యాక్స్ మెల్. 1913 నాటి లిబర్టీ నికెల్, అంటే ఐదు సెంట్ల నాణెం, తెచ్చిచ్చినవారికి 50 డాలర్లు ఇస్తానని పత్రికల్లో, రేడియోలో ఏళ్ల తరబడి ప్రకటించాడు. దేశమంతా చిల్లర తిరగేసింది. నిజానికి ఆ నాణేలు ఉన్నవే ఐదు. ఆ ఐదూ చాలాకాలం ఎడ్వర్డ్ గ్రీన్ అనే ఒకే ధనవంతుడి దగ్గర ఉండేవి. చిల్లరలో ఎవరికీ దొరికే వీలే లేదు. దొరకని నాణేన్ని వెతుకుతూ జనం మెల్ ధరల పుస్తకం కొన్నారు, ఇంట్లో ఉన్న ఇతర నాణేలను అతనికి పంపారు. అతని లాభం అక్కడుంది. అతను 50 డాలర్లిస్తానన్న నికెల్‌లలో ఒకటి 1972లో లక్ష డాలర్లు పలికింది. మరొకటి 1996లో 14,85,000 డాలర్లకు పోయి, పది లక్షలు దాటిన మొదటి నాణెమైంది.

విస్కాన్సిన్‌లోని రేసీన్ పట్టణంలో విట్‌మన్ అనే ప్రచురణ సంస్థ ఉండేది. 1942లో అది ఆర్. ఎస్. యోమన్ పేరుతో నీలం అట్ట పుస్తకం తెచ్చింది. అందులో ఉన్నవి వర్తకుడు కొనే ధరలు. 1946 చివర అదే యోమన్ పేరుతో ఎర్ర అట్ట పుస్తకం వచ్చింది. అందులో ఉన్నవి వర్తకుడు అమ్మే ధరలు. ఒకే సంస్థ, ఒకే మనిషి, ఒకే నాణేలు. రెండు పుస్తకాలూ పక్కపక్కన తెరిచి ఒకే వరుసలో వేలు పెట్టి చూస్తే బల్లకు రెండు వైపులా ఉన్న ధరలు కళ్లెదుట కనిపిస్తాయి. నాణేల చరిత్రలో మామూలు మనిషికి ఇంత మేలు చేసిన పని మరొకటి లేదని నా అభిప్రాయం. తండ్రి దాచిన డబ్బా అమ్ముకోవడానికి వెళ్లేవాడు ఎర్ర పుస్తకం ఒక్కటే చూసుకుని వెళ్లి, మోసపోయానని కుమిలిపోతూ తిరిగివస్తాడు. వాడు చూసుకోవాల్సింది నీలం పుస్తకం.

ఏడాదికోసారి వచ్చే పుస్తకం బజారు వేగాన్ని అందుకోలేదు. 1963లో వర్తకుల కోసమే వారం వారం టోకు ధరలిచ్చే కాయిన్ డీలర్ న్యూస్‌లెటర్ మొదలైంది. బూడిదరంగు కాగితం మీద వచ్చేది కనుక గ్రేషీట్ అన్నారు. అప్పటికే వర్తకులు టెలిటైప్ యంత్రాల మీద ఒకరికొకరు ధరలు పలుకుతున్నారు. డెన్వర్‌లో ముద్రించిన 1950 నికెల్ ఆ రోజుల్లో ఏమైందో చూడాలి. ముద్రించినవి 26,30,030. సంఖ్య చిన్నదే కానీ, చిన్నదని అందరికీ ముందే తెలుసు కనుక జనం వాటిని చలామణిలోకి పోనివ్వకుండా చుట్టలు చుట్టలుగా దాచేశారు. రెండు డాలర్ల ముఖవిలువ ఉన్న 40 నికెల్‌ల చుట్ట 1964 నాటికి 1,200 డాలర్లకు ఎగబాకింది. తర్వాత అమ్మేవాళ్లే తప్ప కొనేవాళ్లు లేక పడిపోయింది. తక్కువగా ముద్రించడం వేరు, తక్కువగా మిగలడం వేరు. కొనేవారి డబ్బు ఎక్కువగా మునిగేది ఈ రెండింటినీ ఒకటే అనుకున్నప్పుడే.

ధర అచ్చులోకి వచ్చేశాక వర్తకుడి చేతిలో మిగిలిన గుట్టు నాణెం స్థితి. విలియం షెల్డన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1949లో పాత సెంట్ల మీద రాసిన పుస్తకంలో 1 నుంచి 70 దాకా ఒక కొలమానం పెట్టాడు. ఏ నాణెమో పోల్చుకోగలిగేంత మాత్రం మిగిలిన అరుగుదలకు 1, అచ్చుపడిన నాటి కళ చెక్కుచెదరనిదానికి 70. మొదటిది ఒక డాలరు చేస్తే చివరిది 70 డాలర్లు చేయాలన్నది ఆయన లెక్క. ధరల లెక్క కొన్నేళ్లకే తప్పింది, అంకెలు మాత్రం ప్రపంచమంతా నిలిచిపోయాయి. ఆయన పోయాక ఒక చేదు నిజం బయటపడింది. న్యూమిస్మాటిక్ సొసైటీ సేకరణలోని మేలైన సెంట్లను తీసుకుని, అదే రకం నాసి సెంట్లను వాటి స్థానంలో పెట్టాడు. స్థితిలోని తేడా ఎంత విలువైనదో ఆయనకన్నా తెలిసినవారు లేరు.

ఆ తేడా కనిపెట్టడానికి కన్ను కావాలి. అనుభవమున్న వర్తకుడు నాణేన్ని అంచులతోనే పట్టుకుని, దీపం కింద మెల్లగా వాలుస్తాడు. వెండి డాలరైతే మెరుపు చారలు చారలుగా నాణెం చుట్టూ తిరగాలి. అలా తిరగకుండా అంతటా ఒకేలా తెల్లగా మెరిస్తే ఎవరో రుద్ది కడిగారని అర్థం. ఆ తర్వాత లిబర్టీ బొమ్మ చెంప చూస్తాడు. వెయ్యేసి డాలర్లు ఒకే సంచిలో పోసి మోసిన రోజుల్లో ఒకదానికొకటి తగిలి పడిన గాట్లు ముందుగా కనిపించేది అక్కడే. ఒక నాణెం 63 గ్రేడులో 200 డాలర్లు, 65లో 1,000 డాలర్లు పలుకుతుందనుకుందాం. కొనేటప్పుడు 63 అని, అమ్మేటప్పుడు 65 అని చెప్పగలిగితే ధరల పుస్తకం ఎవరి చేతిలో ఉన్నా ఒకటే. 1980లలో ఫోన్లు చేసి పెట్టుబడి పేరిట నాణేలు అంటగట్టిన కంపెనీలు చేసింది ఇదే. వాటి మీద ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసులు పెట్టింది.

దీనికి విరుగుడుగా 1986లో డేవిడ్ హాల్, మరికొందరు వర్తకులు కలిసి పీసీజీఎస్ అనే గ్రేడింగు సంస్థ పెట్టారు. మరుసటి ఏడాది అలాంటిదే ఎన్‌జీసీ వచ్చింది. నాణేన్ని బయటి నిపుణులు చూసి, అంకె వేసి, ప్లాస్టిక్ స్లాబ్‌లో సీలు చేస్తారు. అంకె నమ్మదగినదైతే నాణేన్ని చూడకుండానే కొనవచ్చు. వాల్ స్ట్రీట్‌కు కావలసింది అదే. కిడర్ పీబాడీ, మెరిల్ లించ్ నాణేల ఫండ్‌లలోకి దిగాయి. 1989 దాకా ధరలు ఎగిశాయి, ఆపై కూలాయి. ఎన్నో నాణేలు ఆనాటి ధరను ఇప్పటికీ మళ్లీ చూడలేదు.

స్లాబ్ వచ్చాక లాభం ఇంకో చోటికి జరిగింది. 64 అని సీలైన నాణెం 65కు దగ్గరగా ఉందని తోస్తే వర్తకుడు స్లాబ్ పగలగొట్టి మళ్లీ గ్రేడింగుకు పంపుతాడు. ఒక్కసారి 65 వస్తే పది ప్రయత్నాల ఖర్చు తిరిగొస్తుంది. అలా గ్రేడులు మెల్లమెల్లగా వదులైపోతుంటే, స్లాబ్‌లోని నాణెం ఆ అంకెకు నిజంగా తగినదేనా అని తేల్చి ఆకుపచ్చ స్టిక్కర్ అంటించే సీఏసీ 2007లో వచ్చింది. పెట్టింది ఎన్‌జీసీ స్థాపకుడు జాన్ అల్బనీజే. అలా అంకెకు కూడా వేరే పూచీ కావాల్సి వచ్చింది.

వేలంలో లెక్క వేరుగా ఉంటుంది. 1975లో లండన్‌లో క్రిస్టీస్, సోథబీస్ కొనేవారి నుంచి కూడా కమిషన్ తీసుకోవడం మొదలుపెట్టాయి. నాణేల వేలాలకూ అది పాకింది. ఇప్పుడు 20 శాతం మామూలైంది. పాట 10,000 డాలర్ల దగ్గర ఆగితే కొన్నవాడు 12,000 కడతాడు. పేరున్న సేకరణ తెచ్చినవాడికి పది వేలూ, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువా ముడుతుంది. నాలుగు నాణేలు తెచ్చిన చిన్నవాడికి అందులోనూ కోత పడుతుంది. దుకాణాల్లోనూ చిన్న సరుకు మీదే లాభశాతం ఎక్కువ. 20 డాలర్ల నాణెం చూసి, రాసి, అమ్మడానికి పట్టే సమయం లక్ష డాలర్లదానికి పట్టేంతే. పైగా ఖరీదైనదానికి కొనేవాడెవరో వర్తకుడికి ముందే తెలుసు, డబ్బు నెలల తరబడి ఇరుక్కుపోదు. అందుకే అక్కడ ఐదు, పది శాతంతో సరిపెట్టుకోగలడు.

మన దగ్గరా కొలతలు ఇవే. నిజాం కాలపు చార్మినార్ రూపాయిలో తొమ్మిది గ్రాముల పైచిలుకు వెండి ఉంటుంది. విరివిగా దొరికే సంవత్సరాలదైతే ధర వెండిని వదిలి ఎక్కువ దూరం పోదు. 1911 నాటి అయిదో జార్జి రూపాయి కథ అలా కాదు. రాజు దుస్తుల మీది ఏనుగు బొమ్మ పందిలా కనిపిస్తోందని గోల పుట్టడంతో ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుని, 1912లో బొమ్మ సరిదిద్దింది. బయట మిగిలినవాటికి ఇప్పటికీ గిరాకీ ఉంది. అలాంటిది ఇంట్లో ఉంటే చింతపండుతో తోమకండి. తళతళలాడే ఆ నాణేన్ని వర్తకుడు కడిగిన సరుకు కిందే లెక్కకడతాడు, ధర అక్కడే పడిపోతుంది. వందేళ్లు దాటిన నాణేలను 1972 పురావస్తువుల చట్టం ప్రకారం ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించరాదు. విదేశీ వేలాల ధర చూసి ఇక్కడి నాణేనికి లెక్క కట్టడం కుదరదు.

ఈమధ్య ఇంకో రకం మోసం తయారైంది. పాత నాణేనికి లక్షలిస్తామని ఆన్‌లైన్‌లో ఊరించి, ముందుగా కమిషన్ అనీ, పన్ను అనీ డబ్బు గుంజుతున్నారు. తన పేరు వాడుకుని ఇలా చేస్తున్నారనీ, పాత నోట్లు, నాణేల క్రయవిక్రయాలతో తనకు సంబంధం లేదనీ రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది. ఆ ప్రచారాల్లో తరచూ కనిపించేవి వైష్ణోదేవి బొమ్మ ఉన్న 5, 10 రూపాయల నాణేలు. చలామణి కోసం వచ్చిన మామూలు నాణేలవి. కిరాణా కొట్టులో తిరిగిచ్చే చిల్లరలో కూడా రావచ్చు.