చక్రాల మీద పుట్టిల్లు

అమెరికాలో ఉన్న మా మేనల్లుడు ఆ మధ్య ఫోను చేసి, "అత్తమ్మా, ఇల్లు కొన్న" అన్నాడు.

"శుభం. ఎన్ని గదులురా?" అన్నాను.

"ఒకటే గది. కాని ఆరు చక్రాలున్నయి."

వీడికి మతి చలించిందేమో అనుకున్నాను. తీరా ఫొటోలు పంపాక తెలిసింది. అది మోటారు ఇల్లు. జనరల్ మోటార్స్ వారు 1973 నుంచి 1978 దాకా తయారు చేసిన జీఎంసీ రకం. మొత్తం 13 వేల లోపే వచ్చాయట. ఇంజను బలమంతా ముందు చక్రాలకే పోతుంది గనుక బండి అడుగు నేలకు చాలా దగ్గరగా ఉంటుంది. లోపల పొయ్యి, పడక, స్నానానికి చోటు, అన్నీ ఉన్నాయి. మా వాడు దాన్ని ఎవరి పెరట్లోనో తుప్పు పట్టి ఉండగా కొన్నాడు. ఆదివారాలన్నీ దాని కింద పడుకుని మరలు విప్పుతున్నాడట. ఇలాంటి పిచ్చివాళ్ళు అక్కడ వేలమంది ఉన్నారట, ఒకరికొకరు విడిభాగాలు వెతికి పెట్టుకుంటారట.

నేను నవ్వుతుంటే మావారు పేపరు పక్కన పెట్టి, "నవ్వకు. మీ వంశంలోనే ఉన్నది ఆ రోగం. ఊర్లో కొట్టం వెనక నీది లేదా ఒకటి?" అన్నారు.

నా నవ్వు ఆగిపోయింది. నిజమే. ఉన్నది. మా నాయనమ్మ కచ్చురం.

కచ్చురం అంటే నేటి పిల్లలకు తెలియదు. ఒక్కో ఊళ్ళో ఒక్కోలా పలుకుతారు, కచ్చడం అనేవారూ ఉన్నారు. రెండెడ్లు లాగే చిన్న సవారీ బండి. పైన గూడు, ముందూ వెనకా తెరలు, లోపల మెత్తగా గడ్డి పరిచి దాని మీద బొంత. ఉన్నవాళ్ళ ఇంటి ఆడవాళ్ళు పుట్టింటికి వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా, దేవుడి దగ్గరకు వెళ్ళినా అందులోనే. మా నాయనమ్మకు దాన్ని పెళ్ళిలో పెట్టారు. జగిత్యాల పక్క పల్లెలో కాపురం. కార్తీకంలో ధర్మపురికి గోదావరి స్నానానికి పోవాలంటే రాత్రి బయలుదేరేవారట. గూడు కర్రకు చీర కట్టి ఉయ్యాల వేస్తే మా నాన్న అందులో నిద్రపోయేవాడట. బండి కింద ఒక కందిలి వేలాడేది. సద్దిమూటలో సర్వపిండి, సకినాలు. తెల్లవారేసరికి ఏటి ఒడ్డున మూడు రాళ్ళు పెట్టి పొయ్యి. మరి దీన్ని ఇల్లు అనక ఏమంటారు?

నాయనమ్మ ఒక మాట ఎప్పుడూ చెప్పేది. ఊరి పొలిమేర దాటేదాకా తెర వేసి ఉండేదట. దాటాక తనే పక్కకు జరిపేదట. "నేను లోకం జూసింది ఆ తెర సందులకెల్లే బిడ్డా" అనేది. ఇంట్లో ఉంటే వాకిలి దాటని మనిషికి ఆ గూడే కిటికీ.

మా వాడి పుణ్యమా అని నేనూ కొంత చదివాను. సరదాకోసమే ఇంటిని చక్రాల మీద కట్టించుకున్నవారిలో మొదటివాడుగా ఇంగ్లండులో గోర్డన్ స్టేబుల్స్ అనే డాక్టరును చెప్పుకుంటారు. నౌకాదళంలో వైద్యం చేసి వచ్చినవాడు. 1885లో బ్రిస్టల్‌లో ఒక ఇల్లుబండి చేయించుకుని, దానికి 'వాండరర్', అంటే దేశదిమ్మరి అని పేరు పెట్టాడు. రెండు గుర్రాలు లాగేవి. ఒక కుక్కను, ఒక చిలకను వెంటబెట్టుకుని స్కాట్లండులోని ఇన్వర్నెస్ దాకా వెళ్ళాడు. ఇరుకు దారుల్లో అంత పెద్ద బండి వస్తోందని ఎదుటివారిని హెచ్చరించడానికి ఆయన నౌకరు మూడు చక్రాల సైకిలు తొక్కుకుంటూ ముందు పోయేవాడట. ఈ నౌకరును గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తాడు. ఆ బండిని ఇప్పటికీ బాగుచేసి భద్రంగా ఉంచారు. 1910లో అమెరికాలో పియర్స్ ఆరో కంపెనీ పడకగా మారే సీటు, చేతులు కడుక్కునే తొట్టి పెట్టి మోటారు ఇల్లు చేసింది. 1951 నుంచి జర్మనీలో వోక్స్‌వాగన్ వ్యానులను వెస్ట్‌ఫాలియావారు కాపురానికి పనికొచ్చేట్టు మార్చసాగారు.

అదంతా సరే. మన కరీంనగరు, ఆదిలాబాదు వాళ్ళకు ఇదేమన్నా కొత్తా? రెండేళ్ళకోసారి మాఘ పున్నమికి మేడారం సమ్మక్క సారలమ్మ జాతర వస్తే పల్లెకు పల్లె బండ్లు కట్టేది. బియ్యం, కట్టెలు, కోళ్ళు, అమ్మవార్ల 'బంగారం' బెల్లం, ముసలివాళ్ళు, పసిపిల్లలు, అందరూ బండ్లలోనే. పోవడానికి నాలుగైదు రోజులు, రావడానికి నాలుగైదు రోజులు. అన్ని రోజులూ బండే ఇల్లు. ఎడ్లను విప్పి కాడిని నేలకు ఆనిస్తే బండి కింద వంటిల్లు, బండి మీద పడకటిల్లు.

గోదావరి దాటి ఆదిలాబాదులో అడుగుపెడితే ఇది ఇంకా పాత సంగతి. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూరులో పుష్య అమావాస్యకు నాగోబా జాతర. అది గోండుల్లో మెస్రం వంశం వారి పండుగ. వారిలో కొందరు కాలినడకన జన్నారం వైపు గోదావరిలోని హస్తినమడుగుకు పోయి నీళ్ళు తెస్తారు. కుటుంబాలు బండ్ల మీద వచ్చి మర్రిచెట్ల కింద దిగుతాయి. ఎన్ని వేలమంది వచ్చినా ఆ వంశం వంటలు వంతులవారీగా 22 పొయ్యిల మీదనే. కొత్త కోడళ్ళను దేవుడికి, పెద్దలకు పరిచయం చేసే 'భేటింగ్' కూడా అక్కడే. లారీలు, జీపులు వచ్చిన తరువాత కూడా గూడు బండ్లు కట్టుకుని వచ్చే కుటుంబాలున్నాయి. వాళ్ళు దాన్ని సరదా అనరు, ఆనవాయితీ అంటారు.

ఆ అడవుల్లోకి ఒక విదేశీ దంపతులు కూడా వచ్చి కాపురం పెట్టారు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము పోలీసు కాల్పుల్లో ప్రాణాలు కోల్పోయాక, గోండుల కష్టాలేమిటో తెలుసుకునే పనిని నిజాము ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే పండితుడికి అప్పగించింది. ఆయన, భార్య బెట్టీ మార్లవాయి గూడెంలో ఉన్నారు. నాగోబా జాతరలో అధికారులు జనం మొర వినే దర్బారు 1942లో ఆయన చొరవతోనే మొదలైంది. బెట్టీ 1987లో కన్నుమూస్తే మార్లవాయిలోనే సమాధి చేశారు. ఎక్కడో పుట్టిన ఆడమనిషికి చివరకు ఈ అడవే పుట్టిల్లయింది.

ఇక కచ్చురాలకు కాలం ఎట్లా చెల్లిందంటారా? 1932లో నిజాము రైల్వేవారు 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో బస్సుల శాఖ తెరిచారు. అవి స్కాట్లండులో చేసిన ఆల్బియన్ బస్సులు. ఆ విత్తనమే 1958లో ఆర్టీసీ అయింది. రోడ్డు వచ్చిన ఊరికి బస్సు, బస్సు వచ్చిన ఊళ్ళో కచ్చురం కొట్టంలోకి. మా నాయనమ్మే మొదటిసారి బస్సెక్కి దిగి, "తెర లేదు, ఏం లేదు, సక్కగ అందర్ని జూసుకుంట వచ్చిన" అని మురిసిపోయిందట. ఆమె బండి కోసం ఏడవలేదు.

బస్సు కాలంలో కూడా తెలుగువాళ్ళు ఒక్క చక్రాల ఇంటిని మరచిపోలేరు. 1982లో రామారావుగారు పార్టీ పెట్టి ఊరూరా తిరిగిన చైతన్యరథం. పాత షెవర్లే వ్యానును బాగుచేయించి, పైన నిలబడి మాట్లాడే వీలు చేయించారు. కొడుకు హరికృష్ణ నడిపారు. దారి పక్కనే స్నానం, దారి పక్కనే భోజనం, దాంట్లోనే నిద్ర. మా కరీంనగరుకు వచ్చినప్పుడు నేనూ పక్కింటి వాళ్ళ మేడ మీద నుంచి చూశాను. 1983 జనవరిలో ఆయన ముఖ్యమంత్రి అయ్యారు. పాత బండిని బాగుచేస్తే ఎంత దూరం పోతుందో చెప్పడానికి అంతకంటే పెద్ద ఉదాహరణ నాకు తెలియదు.

మళ్ళీ నా కచ్చురం దగ్గరికి వద్దాం. హైదరాబాదు నుంచి ఒక హోటలాయన మా తమ్ముడి దగ్గరకు వచ్చాడు. హోటలు ముందు అలంకారానికి కావాలట. లోపల పట్టదని నొగ కోసేసి, చక్రాలు గోడకు వేలాడదీస్తాడట. మంచి ధర చెప్పాడు. తమ్ముడు, "అక్కా, చెదలు తినేదానికి ఎవలన్న కొంటే అదృష్టం" అన్నాడు. వాడి మాటలో తప్పు లేదు. కాని నొగ కోస్తారనగానే నాయనమ్మ చెయ్యి కోస్తారన్నట్టే అనిపించింది. నా వాటా డబ్బు వదులుకుంటానని చెప్పి బండి ఉంచుకున్నాను.

ఉంచుకోవడం తేలిక, నిలబెట్టడం కష్టం. చక్రాలు చేసే వడ్లాయన కోసం ఎనిమిది ఊళ్ళు తిరిగాను. చివరకు దొరికిన పెద్దమనిషి ఇరవై ఏళ్ళుగా తలుపులు, మంచాలు చేస్తున్నాడు. చక్రం అనగానే కండ్లు మెరిశాయి. ఒక్కో చక్రానికి ఆరు వంపు చెక్కలు, చెక్కకు రెండు చొప్పున పన్నెండు ఆకులు. ఆకులను నిటారుగా కాకుండా కాస్త బయటికి వాలేట్టు దిగ్గొడతారు, గతుకులో బండి పక్కకు ఒరిగినప్పుడు చక్రం విరగకుండా. చెక్కకు ఎండిన నల్లతుమ్మ. అన్నింటి కంటే చూడదగింది ఇనుప పట్టా ఎక్కించడం. పట్టాను చక్రం కంటే కొంచెం చిన్నగా చేస్తారు. చుట్టూ పిడకలు పేర్చి ఎర్రగా కాలుస్తారు. కాలితే అది సాగుతుంది. ముగ్గురు పట్టుకార్లతో ఎత్తి చక్రానికి తొడిగి, గబగబా నీళ్ళు పోస్తారు. బుస్సుమని ఆవిరి. చల్లారిన ఇనుము బిగుసుకుంటూ చెక్కలన్నింటినీ ఒకదానిలో ఒకటి నొక్కుతుంది. ఒక్క మేకు లేదు, జిగురు లేదు. ఉమ్మడి కుటుంబం గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను.

ఆ రోజు నీళ్ళు పోసిన ముసలాయన మా ఊరివాడే. పని అయ్యాక చక్రాన్ని నిమురుతూ, "ఈ కచ్చురం ముంగట మా నాయిన ఉరికిండమ్మా" అన్నాడు.

నాకు మొదట అర్థం కాలేదు.

"దొరసాని పోతుందంటే ముంగటొకలు ఉరకాలె. దారి ఖాళీ జెయ్యాలె. ధర్మపురి దాంక ఉరికి, మల్ల అట్లనే వచ్చేటోడు. పైస లేదు, బువ్వ లేదు. ఎడ్లను విప్పి మేపేటోళ్ళు గని, మా నాయిన్ని కూసోమన్నోళ్ళు లేరు."

అది వెట్టి. నేను చరిత్ర పుస్తకంలో చదువుకున్న మాటే. దొరల బండ్ల ముందూ వెనకా మనుషులు పరుగెత్తడం, 1946 నుంచి 51 దాకా జరిగిన రైతాంగ పోరాటం, 1976 నాటి వెట్టిచాకిరి రద్దు చట్టం, అన్నీ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. మా ఇంటి బండికి, ఆ మాటకు సంబంధం ఉందని మాత్రం ఎన్నడూ తట్టలేదు. ఇంగ్లండు డాక్టరు నౌకరు గుర్తున్నాడు కదా? ముందు పోవడానికి అతనికి మూడు చక్రాల సైకిలైనా ఉంది. మా బండి ముందు పోయినాయనకు రెండు కాళ్ళే ఉన్నాయి. తెర సందులోంచి లోకాన్ని చూసిన నాయనమ్మకు ఆయన కనిపించలేదా? కనిపించే ఉంటాడు. మరి నాకెందుకు చెప్పలేదో, ఇప్పుడు అడుగుదామంటే ఆమె లేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అమ్మేసి ఉంటే బాగుండేదని కూడా అనిపించింది. పొద్దున్నే ఆయన ఇంటికి వెళ్ళాను. "బండి తయారైనంక మొదలు నువ్వే ఎక్కాలె పెద్దయ్యా" అన్నాను. ఆయన పకపకా నవ్వాడు. "నాకెందుకమ్మా, నడుం ఇరుగుతది. బస్సే మంచిగుంటది" అన్నాడు. నవ్వు ఆగాక మెల్లిగా, "దాన్ని నలుగురు సూసేకాడ పెడితె మాత్రం, మా నాయిన పేరు సుత రాయిపియ్యి" అన్నాడు.

పేరేమిటని అడిగాను. మా ఇంటికి అన్ని ఏళ్ళు పరుగెత్తిన మనిషి పేరు నాకు అప్పటిదాకా తెలియదు.

ఇప్పుడు కచ్చురం మా ఊరి బడి వరండాలో ఉంది. పక్కన చెక్క మీద నాలుగు పేర్లు: ఎక్కిన మా నాయనమ్మ, తోలిన జీతగాడు, ముందు ఉరికినాయన, మళ్ళీ నిలబెట్టిన వడ్లాయన. తమ్ముడు పలక చదివి కాసేపు ఏమీ అనలేదు. తరువాత, "మూడో పేరు అక్షరాలు చిన్నగైనయి, మార్పియ్యి" అన్నాడు. మార్పించాను.

మొన్న మేనల్లుడు ఫోనులో ఇంజను మళ్ళీ మోగిందని సంబరపడ్డాడు. "బాగుంది నాయనా. దాన్ని చేసినవాళ్ళెవరో, అందులో ఎవరు తిరిగారో, ఎవరు తుడిచారో కూడా కనుక్కో" అన్నాను.

"అదెందుకు అత్తమ్మా?" అన్నాడు.

వచ్చే సెలవుల్లో ఊరికి వస్తున్నాడు. బడి వరండాకు తీసుకుపోతాను.