చివరి పేజీలో పెన్సిల్ రాతలు

పుస్తకం చదివి అది ఎలా ఉందో మగవాళ్లు చెబితే విమర్శ అంటారు. అదే మాట మనం అరుగు మీద కూర్చుని చెప్పుకుంటే కబుర్లంటారు. మరి తెలుగు దేశంలో ఆడవాళ్లు పుస్తకాల గురించి తమకు అనిపించింది ఎప్పటి నుంచి చెబుతున్నారు, చెప్పినప్పుడు ఏమైంది అని చాలా రోజులుగా నా బుర్రలో తిరుగుతోంది. నేను బి.ఏ. తెలుగు చదివినప్పుడు సాహిత్య చరిత్ర అంటే కవులు, వాళ్ల కాలాలు, వాళ్లను పోషించిన రాజులు. చదివినవాళ్ల చరిత్ర అని ఒకటుంటుందని ఎవరూ చెప్పలేదు. అందులోనూ చదివిన ఆడవాళ్ల చరిత్ర! అందుకే నాకు దొరికినంత మేరకు ఇక్కడ రాసిపెడుతున్నాను.

భండారు అచ్చమాంబగారితో మొదలుపెట్టాలి. 1874లో పుట్టారు. బడికి పంపలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నారు. 1902లో 'హిందూసుందరి' పత్రికలో వచ్చిన ఆవిడ 'ధనత్రయోదశి' మన తొలి కథల్లో ఒకటి. అయితే నాకు అంతకంటే గొప్పగా తోచేది 'అబలా సచ్చరిత్ర రత్నమాల'. ఆడవాళ్లు తెలివితక్కువవాళ్లు, నిలకడ లేనివాళ్లు అని పెద్దపెద్ద గ్రంథాల్లో రాసుకుంటూ పోతుంటే, ఆవిడ ఆ మాటల్ని చదివి కాదని అనుకుని ఊరుకోలేదు. దేశంలోని గొప్ప స్త్రీల చరిత్రలు ఏరి కూర్చి పుస్తకం చేశారు. ఒక రకంగా అది తాను చదివిన పుస్తకాల మీద ఒక చదువరి చెప్పిన అభిప్రాయమే. కాకపోతే రెండు ముక్కల్లో కాకుండా ఒక గ్రంథమంత చెప్పారు. ముప్ఫై ఏళ్లకే 1905లో పోయారు. ఇంకో ఇరవై ఏళ్లు బతికుంటే ఎన్ని రాసేవారో.

ఇక అసలు కథ బెంగుళూరు నాగరత్నమ్మగారిది. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించిన విదుషీమణిగా ఈవిడ చాలామందికి తెలుసు. ఏటా ఆరాధన ఉత్సవాలు టీవీలో చూస్తాం కదా, అక్కడ ఆడవాళ్లు కూర్చుని పాడుతున్నారంటే అందులో ఈవిడ పోరాటం చాలా ఉంది. అయితే నేను చెప్పబోయేది పాట సంగతి కాదు. ఈవిడ గొప్ప చదువరి. తెలుగు, సంస్కృతం, కన్నడం వచ్చు.

పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరులో ప్రతాపసింహ మహారాజు కొలువులో ముద్దుపళని అనే కవయిత్రి ఉండేది. ఆవిడ రాసిన కావ్యం 'రాధికా సాంత్వనం'. కథ వింటే ఇప్పటి సీరియల్ వాళ్లు కూడా ఆశ్చర్యపోతారు. తాను పెంచి పెద్దచేసిన ఇళాదేవిని రాధే దగ్గరుండి కృష్ణుడికిచ్చి పెళ్లి చేస్తుంది. ఆ పిల్లకు చెప్పాల్సిన బుద్ధులన్నీ చెప్పి పంపుతుంది. తీరా వాళ్లిద్దరూ ఒకరిలో ఒకరు మునిగిపోయాక రాధకు కడుపు మండిపోతుంది. ఏడుస్తుంది, తిడుతుంది, చిలుకను రాయబారం పంపుతుంది. చివరికి కృష్ణుడు వచ్చి కాళ్లావేళ్లా పడి ఓదార్చాలి. ఆ ఓదార్పే సాంత్వనం. మామూలు కావ్యాల్లో నాయిక సిగ్గుపడుతూ తల వంచుకుంటుంది. ఇక్కడ రాధ తనకేం కావాలో నోరు తెరిచి అడుగుతుంది. పుస్తకం మొదట్లో ముద్దుపళని తన వంశం గురించి చెప్పుకుంటూ అమ్మమ్మల, నాయనమ్మల పేర్లు గర్వంగా రాసుకుంది.

ఈ పుస్తకాన్ని సి.పి. బ్రౌన్ దొర దగ్గర పనిచేసిన పండితుడు పైడిపాటి వెంకటనరసుగారు 1887లో అచ్చు వేయించారు. కానీ ఆ ముద్రణలో పీఠిక లేదు, కొన్ని పద్యాలూ లేవు. అంటే ఎవరు రాశారో, ఆవిడ తన గురించి ఏం చెప్పుకుందో చదువరికి తెలియకుండా పోయింది. నాగరత్నమ్మగారు అచ్చు పుస్తకం చదివి, తర్వాత రాతప్రతి సంపాదించి, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. పోయిన పద్యాలు కనబడ్డాయి. 1910లో వావిళ్ల వారి ద్వారా మొత్తం పుస్తకాన్ని తన ముందుమాటతో అచ్చు వేయించారు.

ఆ ముందుమాటలోనే ఉంది అసలు సంగతి. అప్పటికే కందుకూరి వీరేశలింగంగారు 'ఆంధ్ర కవుల చరిత్ర'లో ముద్దుపళని మీద తీర్పు చెప్పేశారు. ఆవిడ వేశ్య అని, ఆ పుస్తకంలో కొన్ని భాగాలు స్త్రీల నోట రావడం మాట అటుంచి చెవిన పడటానికే తగవని ఆయన అభిప్రాయం. వీరేశలింగంగారంటే సామాన్యులా? 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టినాయన. 1881 డిసెంబరులో తొలి వితంతు వివాహం చేయించినాయన. ఆయన కాదన్న పుస్తకాన్ని, నాకు మళ్లీ మళ్లీ చదవాలనిపించింది అని ఒక స్త్రీ, అదీ దేవదాసీ కుటుంబంలో పుట్టిన స్త్రీ, పేరు పెట్టి అచ్చులో చెప్పింది. అంతటితో ఆగలేదు. సిగ్గు అనేది ఆడవాళ్లకేనా, మగవాళ్లకు ఉండక్కర్లేదా అని అడిగింది. పంతులుగారే మెచ్చుకుని, పాఠ్యపుస్తకంగా కూడా పెట్టించిన 'వైజయంతీ విలాసం'లో శృంగారం ఇంతకంటే తక్కువగా ఉందా అని అడిగింది. మగవాడు రాస్తే కావ్యం, ఆడది రాస్తే బూతు ఎలా అయిందన్నది ఆవిడ ప్రశ్న సారాంశం.

ఈ ఘట్టం తలుచుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. పంతులుగారి మీద కోపంతో కాదు. ఆయన లేకపోతే మన ముత్తవ్వలకు అక్షరాలే వచ్చేవి కావేమో. కానీ అక్షరాలు నేర్పినవాళ్లే ఏం చదవాలో కూడా నిర్ణయిస్తామనడం మన ఇళ్లలో ఇప్పటికీ ఉన్నదే. కూతురికి ఫోన్ కొనిస్తాం, అందులో ఏం చూడాలో మనమే చెబుతాం. నేనూ చెబుతాను. అందుకే ఈ కథలో ఎవరి పక్షాన నిలబడాలో నాకు అంత తేలిగ్గా తేలదు.

తర్వాత జరిగింది మీకు తెలిసే ఉంటుంది, లేదా ఊహించగలరు. 'శశిలేఖ' పత్రిక సమీక్షలో రాసిందీ వేశ్యే, అచ్చు వేయించిందీ వేశ్యే అన్న ధోరణిలో ఎత్తిపొడిచారు. 1911లో విషయం ప్రభుత్వానికి చేరింది. పుస్తకాన్ని నిషేధించారు, పోలీసులు ప్రతులు పట్టుకుపోయారు. పండితులు అర్జీలు పెట్టారు, వావిళ్ల వారు వాదించారు, లాభం లేకపోయింది. టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రభుత్వానికి పెద్దగా ఉన్న కాలంలో గానీ ఆ నిషేధం పోలేదు. 1952లో వావిళ్ల వారు మళ్లీ అచ్చు వేశారు. నాగరత్నమ్మగారు కన్నుమూసింది కూడా ఆ ఏడాదే. చదివిన పుస్తకం బాగుందన్న ఒక్క మాట నిలబడటానికి నలభై ఏళ్లు పట్టింది. 1991లో సూసీ థారు, కె. లలితగార్లు భారతీయ స్త్రీల రచనల మీద తెచ్చిన ఇంగ్లీషు సంకలనం ముందుమాటను ఈ కథతోనే మొదలుపెట్టారు. మన ఇంటి కథ మనకన్నా ముందు బయటివాళ్లకు తెలిసిందన్నమాట.

ఈలోగా పుస్తకాలు ఊళ్లకు వెళ్లడం మొదలైంది. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, వేటపాలెంలో 1918లో సారస్వత నికేతనం, 1914 నుంచి అయ్యంకి వెంకటరమణయ్యగారి గ్రంథాలయ ఉద్యమం. ఇవన్నీ పరీక్షల కోసం బట్టీ పట్టిన విషయాలే. నాకు నచ్చింది మాత్రం పడవ గ్రంథాలయం. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా కాలువలో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య తిరిగే పడవలో పుస్తకాలు పెట్టించారు. గ్రంథాలయంలో మగవాళ్ల మధ్య బల్ల ముందు కూర్చోవడం ఆ రోజుల్లో అందరు ఆడవాళ్లకూ కుదిరే పని కాదు. పుట్టింటికో పురిటికో వెళ్లే పడవ ప్రయాణంలో అయితే ఎవరు కాదంటారు?

1960ల తర్వాత సంగతి వేరు. అమ్మ, పిన్నిల కాలం. ఆంధ్రప్రభ, ఆంధ్రపత్రిక, ఆంధ్రజ్యోతి వారపత్రికలు, జ్యోతి, యువ మాసపత్రికలు. హైస్కూలు దాకా చదివి పెళ్లయిన అమ్మాయిలు ఇళ్ల నిండా ఉన్నారు. వాళ్ల చేతిలో మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా ఒక ఖాళీ. ఆ ఖాళీని నింపింది రచయిత్రులే. కోడూరి కౌసల్యాదేవి 'చక్రభ్రమణం' సినిమాగా 'డాక్టర్ చక్రవర్తి' అయింది, 'ప్రేమనగర్' గురించి చెప్పక్కర్లేదు. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'లో జయంతి, రాజశేఖరం మా ఇంట్లో బంధువుల్లా తిరిగేవాళ్లు. రచయిత్రుల పేర్లు ఎంతగా అమ్ముడుపోయాయంటే మగవాళ్లు కూడా ఆడపేర్లు పెట్టుకుని రాశారు. ఆంధ్రజ్యోతిలో 'ఇల్లాలి ముచ్చట్లు' రాసిన 'పురాణం సీత' ఎవరనుకున్నారు? పురాణం సుబ్రహ్మణ్యశర్మగారు! ఒకప్పుడు ఆడవాళ్ల పేరున్న పీఠిక తీసేసి అచ్చు వేశారు, ఇప్పుడు ఆడవాళ్ల పేరు అరువు తెచ్చుకున్నారు.

ఈ నవలల మీద పెద్దల అభిప్రాయం అందరికీ తెలుసు. కారు, మేడ, ఆరడుగుల హీరో, కలల్లో తేలించే సాహిత్యం. అందులో నిజం లేకపోలేదు. కానీ చదివినవాళ్లు ఏమనుకున్నారో ఎవరైనా అడిగారా? నాకు ఆ జవాబు అద్దె పుస్తకాల షాపు నుంచి వచ్చిన పుస్తకాల్లో దొరికింది. నా చిన్నప్పుడు మా వీధి చివర ఒక చిన్న కొట్టు ఉండేది. నవలకి రోజుకి అర్ధరూపాయి. అట్ట ఊడకుండా దళసరి కాగితం అంటించి, మధ్యలో దారంతో కుట్టి ఉండేవి. పుస్తకం తేవడం, ఇవ్వడం నా డ్యూటీ. ప్రతి పుస్తకం చివరి పేజీలో ఖాళీ జాగా నిండా పెన్సిల్ రాతలు. 'చాలా బాగుంది'. కింద ఇంకో చేతివ్రాత, 'ఏం బాగుంది? ఆ పిల్లకి చదువు ఎందుకు మాన్పించింది రచయిత్రి?' దాని కింద మూడో ఆవిడ, 'పెళ్లయ్యాక ఎవరు చదివిస్తారు మీరు చెప్పండి'. ఒకచోట హీరో చెంపదెబ్బ కొట్టిన పేజీ అంచున ఎవరో గట్టిగా గీత గీసి 'నేనైతే పుట్టింటికి పోదును' అని రాశారు. పేర్లు ఉండవు. మా అమ్మ కూడా రాసేది. ఆవిడ అక్షరాలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి నాకు తెలిసిపోయేది. నాన్నగారి ముందు పుస్తకాల గురించి ఒక్క మాట మాట్లాడగా నేను వినలేదు.

కలల్లో తేలిపోయేవాళ్లు ఇలా రాస్తారా? వాళ్లు కథను తమ ఇంటితో పోల్చి చూసుకుంటున్నారు. నచ్చనిచోట నచ్చలేదంటున్నారు. కాకపోతే సంతకం పెట్టడం లేదు. నాగరత్నమ్మగారికి ఏం జరిగిందో వాళ్లకు తెలియకపోయినా, పేరు రాస్తే ఏమవుతుందో మాత్రం బాగా తెలుసు.

సంతకం పెట్టిన ఉత్తరాలు రాసినవాళ్లూ ఉన్నారు. రంగనాయకమ్మగారి పుస్తకాలు ఆ పని చేయించాయి. 1974లో 'రామాయణ విషవృక్షం' మొదటి భాగం వచ్చాక ఇళ్లలో జరిగిన యుద్ధాలు ఇన్నీ అన్నీ కావు. మా పెద్దమ్మ దాన్ని ముట్టుకోనంది. మా పిన్ని చీరల మడతల్లో దాచుకుని రెండుసార్లు చదివింది. ఇద్దరిదీ అభిప్రాయమే. పాఠకుల ప్రశ్నలకు రంగనాయకమ్మగారు ఓపిగ్గా, ఒక్కోసారి కటువుగా జవాబులిచ్చి వాటినీ పుస్తకాలుగా వేశారు. తిట్టినా సరే, మన మాటను పట్టించుకుని జవాబిచ్చే రచయిత్రి ఉండటం చిన్న సంగతి కాదు.

మాలతీ చందూర్ గారిది ఇంకో దారి. ఆంధ్రప్రభలో 'ప్రమదావనం' శీర్షికతో దశాబ్దాల తరబడి ఆడవాళ్ల ప్రశ్నలకు జవాబులిచ్చారు. జుట్టు రాలడం దగ్గర నుంచి అత్తగారి ఆరళ్ల దాకా అన్నీ. ఆవిడ 'వంటలు-పిండివంటలు' లేని ఇల్లు లేదు, మా ఇంట్లో దాని పేజీలకి ఇప్పటికీ నెయ్యి మరకలున్నాయి. అదే మనిషి స్వాతి మాసపత్రికలో 'పాత కెరటాలు' పేరుతో నెల నెలా ఒక ఇంగ్లీషు నవలను కథంతా చెప్పి పరిచయం చేశారు. ఇంగ్లీషు రాని మా అమ్మ రష్యా వాళ్ల గురించి, ఫ్రాన్సు వాళ్ల గురించి పక్కింటి అత్తయ్యగారితో వాదించేది. 'ఆ అమ్మాయి అలా చేసుండకూడదు వదినా' అంటే ఏ అమ్మాయో, ఏ దేశం అమ్మాయో మాకు అర్థమయ్యేది కాదు. గోంగూర ఒలుస్తూ మాట్లాడుకునేవారు. 'హృదయనేత్రి'కి 1992లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చినప్పుడు తనకే వచ్చినంత సంబరపడింది.

ఆ కొట్టు మూసేసి చాలా ఏళ్లయింది. పుస్తకాలన్నీ పాత కాగితాల వాడికి తూకానికి వేశారని విన్నాను. మీ ఇంట్లోగానీ, మీ అమ్మగారింట్లో అటక మీదగానీ అలా తిరిగివ్వకుండా మిగిలిపోయిన అద్దె పుస్తకం ఏదైనా ఉంటే ఒక్కసారి చివరి పేజీ తీసి చూడండి. అక్కడ ఏం రాసి ఉందో ఉన్నది ఉన్నట్టు నాకు రాసి పంపండి. అక్షరదోషాలు కూడా దిద్దకండి.