దీపస్తంభం నుంచి నావిక్ దాకా

ప్రత్యేక సంచికకు నాలుగు ముక్కలు రాయమన్నారు మన కార్యదర్శిగారు. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో మైపాడు జాలరులకు దారి చూపేవి చుక్కలు, దీపస్తంభాలే.

1995లో అమెరికావారి జీపీఎస్ పూర్తిస్థాయిలో పనిచేయసాగింది. 20,200 కిలోమీటర్ల ఎత్తునున్న ఆ ఉపగ్రహాలు సెకనుకు 50 బిట్ల చొప్పునే సమాచారం పంపుతాయి. ఒక ఉపగ్రహం వివరం అందడానికి సుమారు 30 సెకన్లు, అన్నిటి పట్టికకు పన్నెండున్నర నిమిషాలు! సెల్‌ఫోనుకైతే టవరు ఆ సమాచారాన్ని క్షణాల్లో అందిస్తుంది. ఖర్చు కాస్తంత డేటా.

అప్పట్లో మన జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట నుంచి 2013 జూలై 1న మన తొలి దిక్సూచి ఉపగ్రహం ఎగిరింది. 2016లో ఆ వ్యవస్థకు నావిక్ అని పేరు పెట్టారు. 2023 మే 29న వెళ్లిన ఎన్‌వీఎస్-01 ఫోన్లకు అనువైన ఎల్1 సంకేతం తెచ్చింది.

మొన్న పొరుగింటి కుర్రవాడు డేటా అయిపోతుందని లొకేషన్ ఆపి వేటకు బయలుదేరాడు.

“టవరు లేనిచోట అది పనికిరాదు కదా తాతా?” అన్నాడు.

“పనిచేస్తుంది నాయనా, ఆలస్యమవుతుందంతే. ఒడ్డునే ఒకసారి చూసుకుని పో. అయితే నీ చోటు నీకు తెలుస్తుంది గాని, టవరు లేనిదే ఫోను మాకు చెప్పలేదు. వైర్‌లెస్ సెట్టు మరవకు” అన్నాను.

మిత్రులారా, మీ పిల్లలకూ ఈ మాట చెప్పండి.