పినాకిని చివర ఆగిపోయిన రిఫైనరీ

శిడ్లఘట్ట తాలూకా జంగమకోట దగ్గర పరిశ్రమలకు భూములు ఇవ్వాలా వద్దా అని మన రైతులే రెండుగా చీలి వాదించుకుంటున్న రోజుల్లో మాకు కడలూరు గుర్తొచ్చింది. కడలూరు మనకు దూరమేమీ కాదు. మన నంది కొండల దగ్గర పుట్టిన దక్షిణ పినాకిని తమిళనాడు మీదుగా పోయి సముద్రంలో కలిసేది అక్కడే.

ఆ తీరంలో రిఫైనరీ తలపెట్టింది తెలుగువాళ్ళే. కె.వి.కె. రాజు గారు స్థాపించిన హైదరాబాదు నాగార్జున గ్రూపు. కాకినాడలో ఎరువుల కర్మాగారం నడిపినవాళ్ళు. ఆలోచన 1990లలోనిది, తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో కూడా భాగస్వామి. ఏడాదికి 60 లక్షల టన్నుల ముడిచమురు శుద్ధి చేయాలని లెక్క. జర్మనీలో వాడి ఆపేసిన రిఫైనరీ యంత్రాలను విప్పి, ఓడల్లో తెచ్చారు. ట్రాఫిగురా అనే అంతర్జాతీయ చమురు వ్యాపార సంస్థ వాటా తీసుకుంది. మిగతా బరువంతా బ్యాంకుల అప్పు మీదే.

2011 డిసెంబరు 30న థానే తుపాను సరిగ్గా కడలూరు దగ్గరే తీరం దాటింది. సగంలో ఉన్న కట్టడాలు దెబ్బతిన్నాయి, పని ఆగింది. మళ్ళీ మొదలు కాలేదు.

అంతా తుపాను చేసిందే అంటే మేము ఒప్పుకోం. గాలి ఒక్కరోజు వీచింది, వడ్డీ మాత్రం రోజూ పెరిగింది. ఒక్క చుక్క చమురు అమ్మకుండా అంత అప్పు ఎవరు తీర్చగలరు?

విదేశీ డబ్బే చెడ్డదని కూడా అనలేం. 1957లో విశాఖలో రిఫైనరీ పెట్టింది అమెరికా కంపెనీ కాల్టెక్స్. 1976లో ప్రభుత్వం తీసుకుంది, 1978లో హిందుస్తాన్ పెట్రోలియంలో కలిపింది, ఇప్పటికీ నడుస్తోంది. కాల్టెక్స్ కర్మాగారాన్ని తానే కట్టి నడిపింది. కడలూరులో విదేశీ సంస్థది ఒక వాటా మాత్రమే. వాటాదారు పోగొట్టుకునేది పెట్టినంతే.

2018లో కంపెనీ లిక్విడేషన్‌కు వెళ్ళింది. అలా వెళ్ళినప్పుడు చట్టం ప్రకారం హామీ ఉన్న అప్పులవాళ్ళు, కార్మికుల బకాయిలు ముందు వరుసలో ఉంటాయి, వాటాదారులు చిట్టచివర. ఎప్పుడో భూమి అమ్ముకున్న రైతుకు ఆ వరుసలో చోటే లేదు, అతను ఎదురుచూసింది ఉద్యోగం కోసం. పెరియకుప్పం వైపు జనానికి మిగిలింది తుప్పు పట్టిన ఇనుము, దాన్ని ఎత్తుకుపోయే దొంగల మీద పోలీసు కేసులు.

తర్వాత ఆ ఆస్తులను హల్దియా పెట్రోకెమికల్స్ కొనుక్కుంది. ఈసారి పెట్రోకెమికల్ కర్మాగారం కడతామని చెప్పింది.