బొబ్బిలి యుద్ధ స్తంభం

విజయనగరం జిల్లా బొబ్బిలిలో, నేలమట్టమైన పాతకోట చోట 1891లో బొబ్బిలి మహారాజా కట్టించిన స్మారకం. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగర ప్రభువు పూసపాటి విజయరామరాజు కలిసి ఈ కోటను ముట్టడించారు. ఫిరంగులకు మట్టి బురుజులు ఆగలేదు. రాజా గోపాలకృష్ణ రంగారావు నేలకొరిగాడు. శత్రువు చేత చిక్కకూడదని కోటలోని ఆడవాళ్లను, పిల్లలను సొంతవాళ్లే చంపుకున్నారు. వీరగాథ పాడేవాళ్లు పౌరుషమన్నా, ఇది ఘోరమే. తర్వాత బొబ్బిలి సర్దారు తాండ్ర పాపారాయుడు రాత్రివేళ డేరాలో జొరబడి విజయరామరాజును పొడిచి చంపాడు.

స్తంభం ఈజిప్టు ఒబెలిస్కు తీరుది: నలుపలకలు, పైకి పోయేకొద్దీ సన్నబడి మొన తేలుతుంది. బరువులో ఎక్కువ భాగం అడుగున ఉండటమే దాని నిలకడకు కారణం.

బొబ్బిలి యుద్ధం జరిగిన మరుసటి ఏడాది డిసెంబరులో గోదావరి సీమ అంచున, పిఠాపురం దగ్గరి చందుర్తిలో, విజయరామరాజు వారసుడు పూసపాటి ఆనందగజపతిరాజు ఇంగ్లీషువారితో కలిసి ఫ్రెంచివారిని ఓడించాడు.