చక్రం ముందుకు జరిగిన కథ

మన బళ్ళారికీ విమానాలకూ పాత సంబంధమే ఉంది. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా ఒక చిన్న పస్ మోత్ విమానంలో టపా సంచులు వేసుకుని కరాచీ నుంచి బొంబాయి వచ్చారు. అక్కడ ఆ టపాను అందుకున్న నెవిల్ విన్సెంట్ బళ్ళారి మీదుగా మద్రాసుకు చేర్చారు. ఈ సంగతి పెద్దలు చెప్తుంటే విన్నాం. కానీ ఆ రోజుల్లో చిన్న విమానాన్ని నేలకు దించడం ఎంత కష్టమో నాకు ఈ వ్యాసం కోసం చదివేదాకా తెలీదు.

దిగడంలోని చిక్కు విమానంతోపాటే పుట్టింది. 1903 డిసెంబరు 17న రైట్ సోదరుల విమానం నాలుగోసారి ఎగిరి 59 సెకన్లలో 852 అడుగులు వెళ్ళింది. దిగేటప్పుడు దాని ముందు చట్రం దెబ్బతింది.

తర్వాత వచ్చిన చిన్న విమానాల్లో చాలావాటికి ముందు రెండు పెద్ద చక్రాలు, తోక కింద ఒక చిన్న చక్రమో ఆనుడు కర్రో ఉండేవి. అప్పటి మైదానాలు గడ్డి నేలలు. ముక్కు పైకెత్తి ఉంటే ప్రొపెల్లర్ నేలకు తగలదు. అందుకే ఆ ఏర్పాటు. కానీ అందులోనే ప్రమాదం కూడా దాక్కుంది. బొమ్మబండిని తాడు కట్టి ముందు నుంచి లాగి చూడండి, తిన్నగా వస్తుంది. అదే బండిని వెనక నుంచి కర్రతో నెట్టండి, పక్కకు మళ్ళిపోతుంది. ఈ విమానాల్లో బరువు పెద్ద చక్రాలకు వెనక ఉంటుంది. నేల తాకాక ముక్కు కొంచెం పక్కకు తిరిగిందా, వెనకున్న బరువు ఇంకా తిప్పేస్తుంది. పైలట్ కాళ్ళతో చుక్కానిని వెంటనే సరిచెయ్యకపోతే విమానం గిర్రున తిరిగి, రెక్క నేలకు కొట్టుకుంటుంది.

గడ్డి మైదానంలో గాలికి ఎదురుగా ఎటైనా దిగొచ్చు. రన్‌వేలు వచ్చాక ఆ వీలు పోయింది. గాలి పక్క నుంచి వీచినా రన్‌వే ఎటుంటే అటే దిగాలి. దాంతో చిక్కు ఇంకా పెరిగింది.

విమానం అదుపు తప్పితే తప్పు పైలట్‌దే అనడం తేలిక. అమెరికాలో ఫ్రెడ్ వైక్ అనే ఇంజనీరు మాత్రం విమానాన్నే మార్చాలనుకున్నారు. ఖాళీ సమయాల్లో తోటి ఇంజనీర్లతో కలిసి 1934లో ఒక విమానం తయారుచేశారు. అందులో మూడో చక్రం తోక కింద కాదు, ముక్కు కింద ఉంది! బరువు ఇప్పుడు పెద్ద చక్రాలకు ముందుకొచ్చింది కాబట్టి, కొంచెం వంకరగా దిగినా విమానం తనంతట తానే తిన్నగా అవుతుంది. ఆ ఆలోచనతోనే 1937లో ఎర్‌కూప్ అనే విమానం ఎగిరింది. చుక్కానికి కాలి పెడళ్ళు కూడా లేకుండా, కారు లాగా స్టీరింగుతోనే నడిచేది. 1956లో సెస్నా కంపెనీ తెచ్చిన 172 విమానానికీ ముక్కు చక్రమే. ఇప్పటిదాకా అలాంటివి నలభై వేలకు పైగా తయారయ్యాయి.

మరి ప్రమాదాలు ఆగిపోయాయా? లేదు. మరీ వేగంగా వచ్చి బలవంతంగా నేలకు ఆనిస్తే ముక్కు చక్రమే ముందు తగిలి విమానం ఎగిరెగిరి పడుతుంది, ముక్కు చక్రం విరగనూ వచ్చు. దీనికి మందు చాలా పాతది. దిగడం సరిగ్గా కుదరడం లేదనిపిస్తే ఇంజన్ జోరు పెంచి మళ్ళీ పైకి లేవాలి, ఒక చుట్టు తిరిగొచ్చి దిగాలి. చూసేవాళ్ళు ఏమనుకుంటారో అని మొహమాటపడి, ఎలాగోలా దించేద్దాం అనుకుంటేనే ముప్పు.

ఈ చరిత్రలో నాకు రెండు సంగతులు కనిపించాయి. ఒకే తప్పు పదిమందీ చేస్తుంటే, వాళ్ళను తిట్టే ముందు వాళ్ళ చేతిలోని పనిముట్టును చూడాలి. ఫ్రెడ్ వైక్ చేసింది అదే. రెండోది, పనిముట్టు ఎంత మంచిదైనా, కుదరనప్పుడు ఆగి మళ్ళీ మొదలుపెట్టే ధైర్యం మనిషిలోనే ఉండాలి. పరీక్షలో లెక్క తప్పిందని తెలిశాక కొట్టేసి మళ్ళీ చెయ్యడం కూడా అలాంటిదే కదా!

— 9వ తరగతి విద్యార్థిని